బుజ్జి సొమ్ముకి కాపలా

యూనివర్సిటీ క్వార్టర్స్,
మూడో అంతస్తు

అక్కా,

ఫోనులో మాట్లాడుకుంటే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. అమ్మ పోయిన ఈ నాలుగు నెలల్లో మన సంభాషణంటే అంతే. లాయరుగారు కూడా, "ఏదైనా కాగితం మీద పెట్టుకోండమ్మా, రేపు మాట మార్చడానికి ఉండదు" అన్నారు. అందుకని రాస్తున్నాను. ప్రేమ పొంగి రాస్తున్నాననుకునేవు.

అమ్మ సొమ్ముని నీ సూటుబాబు చేతిలో పెట్టడానికి నువ్వు పంపిన కాగితాల కట్ట అందింది. నేనెక్కడెక్కడ సంతకం పెట్టాలో పసుపు చీటీలు కూడా అంటించావు. నా చదువు మీద నీకున్న నమ్మకానికి సంతోషం. పెట్టలేదు.

అమ్మ ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపి, ఎండలో పక్కసీట్లో మాడి, ఊళ్ళో సగంమందికి బండి నేర్పి మిగిల్చిన సొమ్ము అది. కార్లూ, స్కూలు పేరూ, ఆ స్థలమూ అమ్మగా వచ్చింది. నీదీ కాదు, నాదీ కాదు. బుజ్జిది. నలభై దాటినా ఎనిమిదేళ్ళ దగ్గరే ఆగిపోయిన మన తమ్ముడిది. హోములో వాడి గదికీ, తిండికీ, మందులకీ ఆ సొమ్మే ఆధారం. మనిద్దరం పోయాక కూడా అదే ఆధారం. మనిద్దరి సంతకాలూ ఉంటే తప్ప కదలకూడదని అమ్మ విల్లులో రాసింది అందుకే.

నీ సూటుబాబుని నా తరఫున ఈ సంగతులు అడుగు. మా సొమ్ము చూసిపెట్టినందుకు అతనికి జీతం ఎవరిస్తారు? సొమ్ము ఎవరి పేరు మీద, ఎక్కడ ఉంటుంది? రేపు బుజ్జికి ఒంట్లో బాగుండక అవసరం పడితే ఎన్నాళ్ళకి చేతికొస్తుంది, అప్పుడెంత కోసుకుంటారు? నాకేదో తెలుసని కాదు. తెలియదు కాబట్టే అడుగుతున్నాను. తెలియని చోట సంతకం పెట్టడం ధైర్యం కాదు, బద్ధకం.

చెల్లి


షాపు వెనక గది

ప్రొఫెసరమ్మగారికి,

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. నువ్వు పాఠం చెప్పేదే తత్వశాస్త్రం. కుర్చీ ఉందా లేదా అని తేల్చకుండా అదే కుర్చీలో కూర్చుని జీతం తీసుకునే శాఖ. నీ చేతిలో ఈ వ్యవహారం పెడితే బుజ్జి ముసలివాడయ్యేదాకా సొమ్ము "ఉందా లేదా" దగ్గరే ఉంటుంది.

ఇప్పటికే నాలుగు నెలలుగా బ్యాంకులో ఊరికే పడుంది. హోము వాళ్ళు ఈసారి ఫీజు పెంచారు, నీకు తెలుసా? వచ్చే ఏటి మొత్తం ముందే కట్టకపోతే వాడి గది ఇంకొకరికిచ్చి, వీణ్ణి పదిమంది పడుకునే హాల్లోకి మారుస్తారట. ఆ ఉత్తరం నా అడ్రసుకే వచ్చింది. ఏ ఉత్తరమైనా నా అడ్రసుకే వస్తుంది, ఎందుకంటే అమ్మకి ఇద్దరు కూతుళ్ళున్నారని వాళ్ళకి తెలియదు.

నువ్వు సూటుబాబు అన్న ఆ అబ్బాయి పెద్ద బ్యాంకులో వెల్త్ మేనేజరు. అమ్మ పోయినప్పుడు ఇంటికొచ్చి గంటసేపు కూర్చున్నాడు. బుజ్జిని "సార్" అన్నాడు. వాడు పుట్టాక వాణ్ణి సార్ అన్న మొదటి మనిషి. నువ్వేం చేశావు ఆరోజు? లాయరుతో పక్కగదిలో విల్లు చదువుకున్నావు.

నీకంత అనుమానమైతే నువ్వే వెళ్ళి అడుగు. నీ దగ్గర ఇంకెవరైనా సత్యహరిశ్చంద్రుడి మనవలుంటే చెప్పు, నేనూ వెళ్ళి చూస్తాను. పెళ్ళిచూపుల్లా ఒకళ్ళ సంబంధం ఇంకొకళ్ళు చూద్దాం.

అక్క


యూనివర్సిటీ క్వార్టర్స్

అక్కా,

నీ సంబంధం చూసొచ్చాను.

ఆఫీసులో అడుగు పెడితే చెప్పులు మునిగిపోయేంత తివాచీ. గాజుబల్ల మీద ఒక్క కాగితం కూడా లేదు. పనిచేసే చోట కాగితం లేకపోతే నాకెందుకో భయమేస్తుంది. నీ సూటుబాబు చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "అమ్మగారంటే మాకు కూడా అమ్మేనండీ" అన్నాడు. అమ్మని అతను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట అంటే, "అంత ఆత్మీయంగా మీ అక్కగారు చెప్పారండీ" అన్నాడు.

"మీ జీతం ఎవరిస్తారు?" అని అడిగాను.

"మీరు ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు మేడమ్! మా సేవ పూర్తిగా ఉచితం."

"మరి ఈ తివాచీ?"

నవ్వాడు. చక్కటి పలువరస. పది నిమిషాలు చుట్టూ తిప్పాడు. ఎంత ఓపికతో అడిగానో నీకు తెలియదు. క్లాసులో మొద్దబ్బాయిలని అడిగినట్టు అదే ప్రశ్న మార్చి మార్చి అడిగాను. చివరికి తేలిందేమిటంటే, అతను మనకి అంటగట్టే ప్రతి పథకం మీదా ఆ పథకం అమ్మే కంపెనీ అతని బ్యాంకుకి కమీషనిస్తుంది. మొదటి ఏడాదే పెద్ద వాటా. అంటే అతను మనం పెట్టుకునే కాపలా మనిషి కాదు, మన ఇంటికి సరుకు తెచ్చిన మనిషి. అమ్మడం తప్పని నేననను, బావ టైల్స్ అమ్మట్లేదా? కానీ "నా నట్టింట్లో ఏ టైల్స్ వేస్తే మంచిది?" అని బావనడిగితే, షాపులో కదలకుండా మిగిలిపోయిన పెట్టెల వైపు చూడకుండా చెప్తాడా?

ఇక అవసరానికి తియ్యడం. పన్నెండేళ్ళు తియ్యకూడదు. తీస్తే ఐదో వంతు కోత. బుజ్జికి పన్నెండేళ్ళు జబ్బు చెయ్యదని అతనెలా అనుకున్నాడో!

ఇంతా అయ్యాక, లిఫ్టు దాకా సాగనంపుతూ అన్నాడు. "మీరు సంతకం పెట్టేస్తే మీ బావగారి పని కూడా దీనితోనే అయిపోతుంది మేడమ్. ఈ పెట్టుబడి మీద వెంటనే లోను శాంక్షన్ చేయిస్తాను. ఆయన తొందరపడుతున్నారు."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి కాబట్టి నా మొహం అతనికి కనపడలేదు.

బావ పని ఏమిటక్కా?

చెల్లి


షాపు వెనక గది

చెల్లీ,

దొంగని పట్టేశావు, చప్పట్లు.

అవును. మీ బావ షాపు మునుగుతోంది. ఎదురుగా నాలుగంతస్తుల షోరూము తెరిచారు. వాళ్ళు ఏసీలో కాఫీ ఇచ్చి టైల్స్ చూపిస్తారు, మేము దుమ్ము తుడిచి చూపిస్తాం. ఇద్దరు పనివాళ్ళని మాన్పించాం. బిల్లులు నేనే రాస్తున్నాను. ఈ ఉత్తరం కూడా బిల్లు పుస్తకం వెనకే రాస్తున్నాను, కావాలంటే తిప్పి చూసుకో. బుజ్జి సొమ్ము తినేస్తామనలేదు. దాన్ని తాకట్టు చూపించి అప్పు తెచ్చుకుంటామన్నాం. సొమ్ము అక్కడే ఉంటుంది. రెండేళ్ళలో తీర్చేస్తాం. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మీ బావ నన్ను అడిగింది ఇదొక్కటే. నీకు చెప్తే ఒప్పుకుంటావా? అందుకే చెప్పలేదు.

ఇంక నీ సంగతికొద్దాం.

పోయిన వారం ఒకావిడ కుళాయిలు చూడ్డానికొచ్చింది. మీ క్వార్టర్స్‌లోనే రెండో అంతస్తట. "పైన ఫ్లాటు మాకొస్తోందండీ, మంచి గాలి వెలుతురు. ఆ మేడమ్ వెళ్ళిపోతున్నారుగా. అందుకని కుళాయిలు మార్పిద్దామని." ఏ మేడమ్ అన్నాను. "ఫిలాసఫీ మేడమ్. పెద్ద పదవి వచ్చింది. రెండు రోజుల ప్రయాణమట, అయిదేళ్ళదాకా రారట."

నా చెల్లెలు ఊరు వదిలిపోతోందని ఆరు కుళాయిలు కొన్నావిడ చెప్తే నాకు తెలిసింది. ఆవిడకి పది శాతం తగ్గించి ఇచ్చాను, శుభవార్త తెచ్చినందుకు.

అప్పుడర్థమైంది నీ ప్రశ్నలన్నీ. జీతం ఎవరిస్తారు, ఎక్కడుంటుంది, ఎప్పుడొస్తుంది. నువ్వు సొమ్ముకి మేనేజర్ని వెతకట్లేదే. బుజ్జికి జీతానికి ఒక అక్కని వెతుకుతున్నావు. అలాంటిది దొరికితే నువ్వు తేలిగ్గా రైలెక్కచ్చు. నేను సొమ్ముని తాకట్టు పెట్టబోయాను, ఒప్పుకుంటున్నాను. నువ్వు తమ్ముణ్ణే పెట్టబోయావు.

అక్క


యూనివర్సిటీ క్వార్టర్స్

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు మూడుసార్లు రాసి చింపేశాను. మొదటిదానిలో నాదే న్యాయం. రెండోదానిలో నీదే. మూడోది చదివితే ఎవరిదో నాకే తెలియలేదు.

పదవి నిజం. అక్కడి యూనివర్సిటీలో శాఖాధిపతి. ఇరవై ఏళ్ళ తర్వాత నా పేరు తలుపు మీద ఉంటుంది. ఒప్పుకున్నానని ఇంకా రాయలేదు, ఒప్పుకోనని కూడా రాయలేదు. వెళ్ళాలని ఉంది. బుజ్జి ఉన్నాడు కాబట్టి నాకా కోరిక ఉండకూడదని నువ్వంటే, పెళ్ళి చేసుకుని వెళ్ళేటప్పుడు నువ్వెందుకు ఆ మాట అనుకోలేదు? అమ్మతో, బుజ్జితో ఆ ఇంట్లో ఇంకో పదకొండేళ్ళు ఉన్నది నేను. వాడికి గడ్డం గియ్యడం నేర్పింది నేను. కాబట్టి అక్కతనం గురించి నాకు పాఠం చెప్పకు.

ఇక తాకట్టు. అప్పు తీర్చలేకపోతే బ్యాంకు ముందు బుజ్జి సొమ్మే తీసుకుంటుంది. "సొమ్ము అక్కడే ఉంటుంది" అన్నావు. కుక్క మెడలో గొలుసు పట్టుకున్నవాడు వేరే అయితే, కుక్క మన గుమ్మంలో ఉంటే ఏమిటి? బావ మంచివాడే. మంచివాళ్ళే తీరుస్తామనుకుని అప్పు చేస్తారు. మోసగాళ్ళకి ఆ బాధ లేదు.

నా వైపు సంబంధం చూస్తానన్నావు కదా, చూడు. సొమ్ము ఎక్కడ పెట్టాలో చెప్పే ఒకావిడ, ఒక్కతే ఆఫీసు నడుపుతుంది. దర్జీ కొట్టు మీద చిన్న గది. పథకాలేవీ అమ్మదు, ఏ కంపెనీ దగ్గరా కమీషను తీసుకోదు. ఏడాదికింతని మన దగ్గరే ఫీజు తీసుకుని సలహా చెప్తుంది. సొమ్ము ఆవిడ చేతికే వెళ్ళదు. బుజ్జి పేరు మీద వేరే సంస్థలో ఉంటుంది, మన సంతకాలతోనే కదులుతుంది. ఆవిడ పాత ఖాతాదారులు ముగ్గురితో మాట్లాడాను. ఒకాయన, "ఆవిడ నన్ను లాభంలో పెట్టిందో లేదో గానీ, నేను చెయ్యబోయిన మూడు వెధవపనులు ఆపింది" అన్నాడు. నాకది నచ్చింది. ఆవిడ లైసెన్సు కూడా సరిచూశాను. నేను ఈవిణ్ణి వెతికినంత శ్రద్ధగా అమ్మ మనకి పెళ్ళి సంబంధాలు కూడా వెతకలేదు.

వెళ్ళు. అరవకు.

చెల్లి


షాపు వెనక గది

చెల్లీ,

నీ కళ్ళజోడావిడ దగ్గరికి వెళ్ళాను. బుజ్జిని కూడా తీసుకెళ్ళాను. సొమ్ము వాడిదని నువ్వే కదా గంటకోసారి గుర్తు చేస్తావు.

మెట్లెక్కేసరికి నాకు ఆయాసం. కింద కుట్టుమిషన్లు టకటకమంటుంటే పైన గది కదులుతూనే ఉంటుంది. తివాచీ లేదు, నీ ప్రాణానికి హాయి. మూడు కుర్చీలుంటే ఒకదాని మీద ఫైళ్ళు. బుజ్జి రాగానే, "ఈవిడ కారు నేర్పుతుందా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు, సార్ అనలేదు. "లేదు, నాకే రాదు" అంది. వాడికి జాలేసింది. "మా అమ్మ నేర్పుతుంది, రా" అన్నాడు. నేను కిటికీ వైపు చూశాను.

తర్వాత నన్ను అడిగింది. "ఈ సొమ్ములో కొంత షేర్లలో పెట్టకపోతే ధరలు పెరిగేకొద్దీ మీ తమ్ముడి ఫీజుకి చాలదు. పెడితే ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ఆర్నెల్లలో అయిదో వంతు పోయిందనుకోండి. ఏం చేస్తారు?"

"ఏం చేస్తానేమిటి, ఆరోజే మొత్తం తీసేస్తాను!"

"ఇదే అడిగితే మీ చెల్లెలుగారు కాగితం వంక కూడా చూడనన్నారు."

"అదంతే. పుట్టుకతోనే అంత."

"సరే. అప్పుడు మీ ఇద్దర్లో నిర్ణయం ఎవరిది?"

"ఇద్దరిదీ. రెండు సంతకాలుండాలి."

"మీరు మాట్లాడుకుంటారా?"

నాకంటే ముందే బుజ్జి చెప్పాడు. "అక్కలు మాట్లాడుకోరు. ఉత్తరాలు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెన్ను మూత పెట్టింది. "అమ్మా, ఈ ఖాతా నేను తీసుకోలేను" అంది. నేననుకున్నాను, సొమ్ము చాలదేమోనని. కాదట. "సొమ్ము ఎంతున్నా ఫరవాలేదు. ఒకరి భయాన్ని నేను ఆపగలను. ఒకరికొకరు పడని ఇద్దరి భయాల్ని ఆపలేను. ఒకరు అమ్మమంటారు, ఒకరు వద్దంటారు, సంతకం పడదు. మీ తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నా పడదు. మీ దగ్గర ఫీజు తీసుకోవడం దండగ" అంది. అని, తలుపు దాకా వచ్చి బుజ్జికి మెట్లు జాగ్రత్త అని చెప్పింది.

అంటే మనం ఆవిణ్ణి చూడ్డానికెళ్తే ఆవిడ మనల్ని వద్దంది! వరుడికి నచ్చలేదే మనం.

నీ మొహం మీద కొట్టడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ దారంతా ఒకటే ఆలోచన. అమ్మ స్కూలు కార్లలో నేర్చుకునేవాళ్ళ కాలికిందా బ్రేకు, అమ్మ కాలికిందా బ్రేకు. విల్లు కూడా అమ్మ అలాగే రాసింది. నా కాలికింద ఒకటి, నీ కాలికింద ఒకటి. అమ్మకి మన మీద అంత నమ్మకం. స్టీరింగు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

హోము గడువు ఈ నెలాఖరు.

అక్క


యూనివర్సిటీ క్వార్టర్స్

అక్కా,

నేను మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళి బతిమాలాను. నేనెవర్నీ బతిమాలనని నీకు తెలుసు. మాట మార్చలేదు. "ఒక్కరు సంతకం పెట్టి ఒక్కరు జవాబు చెప్పే ఏర్పాటుతో రండి, అప్పుడు చూస్తాను" అంది.

లాయరుగారిని అడిగాను. ఇద్దర్లో ఒకరు తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిస్తే చాలట. రెండోవాళ్ళే పూర్తి బాధ్యులు.

నువ్వు రాసివ్వు. మర్యాదగా అడగడం నాకు చేతకావట్లేదు, అడిగినా నువ్వు నమ్మవు. నీ ఇంట్లో చాచిన చెయ్యి ఒకటుంది. ఎంత మంచి చెయ్యైనా చాచిందే కదా. నా ఇంట్లో ఎవరూ లేరు.

నేను వెళ్ళిపోతే అక్కణ్ణించే చూసుకుంటాను. మూడు నెలలకోసారి ఆవిడతో మాట్లాడితే సరిపోతుంది. అలా అనుకుంటున్నాను. సరిపోతుందా అని రోజూ నన్ను నేనే అడుగుతున్నాను, అది వేరే సంగతి. జవాబు తెలిసేదాకా ఆగితే నెలాఖరొస్తుంది.

చెల్లి


షాపు వెనక గది

చెల్లీ,

నీ ఉత్తరం మీ బావ చదివాడు. "చాచిన చెయ్యి" దగ్గర ఆగి, తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. భోజనాల దగ్గర, "నువ్వు రాసివ్వకు, మీ చెల్లెల్నే రాసివ్వమను. సంతకం నీదొక్కటే ఉండనీ, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. కోపంగా కాదు. నీళ్ళు అడిగినట్టు అడిగాడు.

నేను సరేనన్నాను.

అన్నానా, అప్పుడు నాకు భయమేసింది. మీ బావ మీద కాదు. ఆయన అడిగితే నా నోట్లోంచి ఇంకో మాట రాదు. ఈ రోజు తాకట్టంటాడు, సరే. ఏడాది పోయాక కొంచెం తియ్యమంటాడు, సరే. వాడి గది ఎందుకు, హాలు చాలదా అంటాడు. ఆ మాటకి కూడా నేను ఏమంటానో నాకు తెలుసు.

పొద్దున్నే షాపు తాళాలు ఆయన చేతిలో పెట్టి, లాయరు దగ్గరికి వెళ్ళి రాసిచ్చేశాను. మొత్తం నీదే బాధ్యత. ఆయన రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. షాపు అమ్మకానికి పెట్టాం.

నువ్వు గెలిచావనుకోకు. నువ్వు మంచిదానివని రాసివ్వలేదు. నా చెయ్యి నా మాట వినదు కాబట్టి ఇచ్చాను. పైగా ఇంకో కారణం ఉంది, దాచను. ఇప్పుడు వాడికి నువ్వు తప్ప ఎవరూ లేరు. హోము ఉత్తరాలు నీ అడ్రసుకే వచ్చేలా మార్పించాను. వాడికి జ్వరమొస్తే నీకే ఫోను. సంతకం కావాలంటే నీ చెయ్యే. రెండు రోజుల ప్రయాణం చేసి రా, ప్రతిసారీ.

వెళ్ళగలిగితే వెళ్ళు.

అక్క


యూనివర్సిటీ క్వార్టర్స్

అక్కా,

నువ్వు ఎంత దుర్మార్గురాలివో నీ చాటున చాలామందికి చెప్పాను. ఇప్పుడు నీకే చెప్తున్నాను. ఇంత శుభ్రంగా నన్ను ఎవరూ కట్టెయ్యలేదు. నీ ఉత్తరం చదివి ఆ రాత్రి నిన్ను తిట్టిన తిట్లు ఏ భాషాశాఖ వాళ్ళ దగ్గరా ఉండవు.

పదవి వద్దని రాసేశాను. నీ కోసం కాదు. వాడి కోసమని కూడా గట్టిగా చెప్పలేను. అక్కడ కూర్చుని ప్రతి ఫోనుకీ ఉలిక్కిపడే నన్ను నేనే ఊహించుకున్నాను. ఆ మనిషితో అయిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండలేననిపించింది. రేపు ఇది తప్పని తోచచ్చు. తోస్తే నిన్నే తిడతాను.

హోముకి ఏడాది మొత్తం కట్టాను. గది వాడిదే. కళ్ళజోడావిడ ఖాతా తీసుకుంది. మూడేళ్ళ ఫీజుకి సరిపడా ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పెట్టించింది. మిగతాది కొంత నెమ్మదిగా, కొంత ధైర్యంగా. అది పడిన రోజున నన్ను కాగితం చూడనివ్వనని, అసలు ఫోనే ఎత్తనని చెప్పింది. తిట్టినట్టే చెప్పింది. బాగుంది.

చివర్లో రెండు సంగతులు తేల్చమంది. మొదటిది, ఈ సొమ్ము మీద ఎప్పుడైనా అప్పు తీసుకోవచ్చా? ఎవరూ, ఏ కారణానికీ, నేనైనా సరే, తాకట్టు పెట్టడానికి వీల్లేదని లాయరుగారిచేత రాయించాను. బావ ఒక్కడి గురించే కాదు. నాకూ ఎప్పుడో ఒక రోజు రైలెక్కాలనిపిస్తుంది.

రెండోది, నా తర్వాత ఎవరు? కింద మిషన్లు కుడుతూనే ఉన్నాయి. నా స్నేహితులు ఒక్కొక్కళ్ళనీ తలుచుకున్నాను. నా విద్యార్థుల్ని తలుచుకున్నాను. బుజ్జికి ఏ వైపు తిరిగి పడుకుంటే నిద్ర పడుతుందో వాళ్ళెవరికీ తెలియదు.

నీ పేరు రాశాను. నమ్మకం కుదిరి కాదు. ముందు తాకట్టు తలుపు మూసేశాను, ఆ తర్వాతే నీ పేరు రాశాను. ఆ వరస నీకు తెలియాలి.

చెల్లి